రెండో గీత పడ్డ రోజు

మేస్త్రీకి మాత్రలు నేను ఇవ్వలేదు. ఇచ్చానని మా ఊళ్లో అందరూ నమ్మారు, నా భార్యతో సహా. నమ్మించింది నేనే. ఆ తరువాత కొన్నేళ్లపాటు నోరు విప్పలేదు.

మాది మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు పోయే దారిలో ఒక ఊరు. మక్కజొన్న చేన్లు ప్లాట్లుగా మారాక ఇంటి ముందు గదిలోనే హార్డ్‌వేర్ దుకాణం పెట్టుకున్నాను. నా భార్య అంతకుముందు నుంచే ఆశా వర్కర్. ఊరంతా ఆమెను ఆశమ్మ అంటుంది. మా తాతను, మా నాయినను పటేలా అని పిలిచిన ఊళ్లోనే నేను కొత్తగా వచ్చినవాళ్లకు ‘ఆశమ్మ పెనిమిటి’నయ్యాను. మొదట్లో నవ్వుకునేవాణ్ని. పోనుపోను ఆ మాట వినబడితే ఒళ్లు మండేది.

జ్వరమొచ్చినవాళ్లకు ఆమె మా ఇంటి అరుగు మీదే మలేరియా పరీక్ష చేసేది. అరచేతిలో ఇమిడే తెల్లటి ప్లాస్టిక్ కార్డు అది. వేలి కొస తుడిచి, సూదితో గుచ్చి, ఒత్తి, ఒక చుక్క నెత్తురు తీసి కార్డు మీది చిన్న గుంతలో పెడుతుంది. పక్క గుంతలో మందునీళ్ల చుక్కలు వేస్తుంది. ఇక పావుగంట ఆగాలి. ఒక గీత పడితే కార్డు బాగానే పనిచేసినట్టు. దాని పక్కన ఇంకో గీత కూడా పడితే ఒంట్లో మలేరియా ఉన్నట్టు. తొందరపడి ముందే చూసినా, మరిచిపోయి చాలాసేపటికి చూసినా ఆ ఫలితాన్ని నమ్మకూడదట. అందుకని ఆ పావుగంటా ఆమె జ్వరమొచ్చిన మనిషి ఎదుటే కూర్చుని, ఊరు, పిల్లలు, పని అంటూ ఏదో ఒకటి మాట్లాడిస్తుండేది.

పరాయి మగవాడి చెయ్యి తన చేతిలోకి తీసుకోవడం ఒక ఎత్తు, ఆ పావుగంట ఒక ఎత్తు. నా పక్కన కూర్చుని చాయ్ గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఉన్న రోజు నాకు గుర్తులేదు. నాకు అన్నం పెడుతూ కూడా ఫోన్లో ఎవరి బిడ్డకో టీకా గురించి చెబుతుండేది.

మేస్త్రీ మా శివారులో విల్లాలు కడుతున్నప్పుడు వచ్చాడు. భద్రాచలం అవతల అడవి పల్లె మనిషి, మాటకారి. నా దుకాణంలోనే మేకులు, బైండింగ్ వైరు కొనేవాడు. నా భార్యను అక్కా అనేవాడు, ఆ వరసన నన్ను బావా అని పిలిచేవాడు. అక్కా అనే మనిషిని చూసి కుళ్లుకోవడమేమిటని మీరు అడగొచ్చు. అసూయకు వావివరసలు పట్టవు. నిజానికి నాకు ఆమె మీద అనుమానం లేదు. నా ఇంటి అరుగు మీద వినబడే నవ్వు నా కోసం కాదు, అంతే.

ఒక వానాకాలం అతను సొంతూరికి పోయి వచ్చాడు. కొన్నాళ్లకే చలిజ్వరంతో ఒణుకుతూ మా అరుగెక్కాడు. నేను దుకాణంలో గొళ్లేలు సర్దుతున్నాను.

"అక్కా, సిన్నగ గుచ్చు. గీ చేతితోనే తాపీ పట్టాలె" అన్నాడు.

"నువ్వు తాపీ పట్టేది నోటితోని గద తమ్మీ. చెయ్యి ఎప్పుడు పనిజేసింది?"

ఇద్దరూ నవ్వారు. అతను నా వైపు తిరిగి, "బావా, మీ ఇంటామె నా నెత్తురు తాగుతాంది, సూడు" అన్నాడు.

"నాది ఎప్పుడో తాగింది" అన్నాను నేను. దానికీ నవ్వారు. నేను హాస్యానికి అనలేదు.

పావుగంట కాకముందే అతనికి సైటు నుంచి ఫోన్ వచ్చింది. స్లాబు పోస్తున్నారు, మేస్త్రీ లేకపోతే నడవదు. ఏదైనా ఉంటే కబురు చెయ్యమని వెళ్లిపోయాడు. రెండో గీత అతను వెళ్లాక పడింది. గీత పడ్డ చోటును బట్టి అది ముదిరితే ప్రాణం మీదికి తెచ్చే రకమని నా భార్య కంగారుపడింది. సరిగ్గా అప్పుడే పక్క వీధిలో ఒక కోడలికి నొప్పులు మొదలై ఆటో మా గుమ్మం ముందు ఆగింది. ఆమె ఆస్పత్రికి తోడు వెళ్లక తప్పదు. మాత్రల అట్ట నా చేతిలో పెట్టింది.

"ఏమయ్యా, జల్దీ పో. మొదటి మాత్రలు నీ ముందటనే మింగియ్యి. మిగిలినయి ఎట్ల ఏస్కోవాల్నో జెప్పు."

సైటు మా గుమ్మంలోంచి కనబడుతుంది. నేను పోలేదు. అతను చావాలని అనుకోలేదు. రెండు రోజులు మూలిగితే ఆ నోరు కాస్త తగ్గుతుందని అనుకున్నాను. అట్టను మేకుల డబ్బాల వెనక పెట్టి దుకాణం చూసుకున్నాను. పురుడు కష్టమై ఆమె ఆస్పత్రిలోనే ఉండిపోయింది. అక్కడినుంచి ఫోన్ చేసి అడిగితే "ఇచ్చిన, మింగిండు" అన్నాను.

కబురు రాలేదు కాబట్టి ఏమీ లేదనుకున్నాడు మేస్త్రీ. మూడో రోజు సైటు మీదే పడిపోయాడు. పట్నం ఆస్పత్రిలో చావు తప్పించుకుని వచ్చాక, తనకు మాత్రలు ఎవరూ ఇవ్వలేదని చెప్పాడు.

అసలేం జరిగిందో కనుక్కోవడానికి ఒక డాక్టరు మా ఇంటికి వచ్చాడు. మేస్త్రీ, కాంట్రాక్టరు, కూలీలు కూడా వచ్చారు. మళ్లీ కార్డు వేసి చూడమని ఎవరో అన్నారు. లాభం లేదన్నాడు డాక్టరు. మందు మింగి నయమైనా కొన్ని వారాలు ఆ జబ్బు ఆనవాలు నెత్తురులో ఉంటుందట, గీత పడుతూనే ఉంటుందట. మాత్రలు వేసుకున్నాడో లేదో కార్డు చెప్పలేదు. నేను ఊపిరి పీల్చుకున్నాను.

ఇక మిగిలింది నా మాట, అతని మాట. ఒకటి పటేల్ ఇంటిది, ఒకటి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాడిది. నా భార్య అందరి ముందూ అడిగింది.

"మా ఆయన చేతులార ఇచ్చిండు. పారేసుకొని, ఇప్పుడు అబద్ధమాడుతున్నవా తమ్మీ?"

"నువ్వు గూడ గట్లనే అంటే ఇగ నేనేమంట అక్కా" అన్నాడు మేస్త్రీ. అతని కింద పనిచేసేవాళ్లు తలలు దించుకున్నారు. మందిస్తే మింగనివాడు పనేం చూస్తాడని కాంట్రాక్టరు ఆ వారమే అతన్ని పంపించేశాడు.

దాచకుండా చెబుతున్నాను, ఆ రోజు నాకు సంతోషమైంది. అరుగు మీద నవ్వు ఆగిపోయింది. కానీ అది నా వైపూ రాలేదు. అప్పటినుంచి ఆమె మాత్రలు ఎవరిచేతా పంపలేదు. ఎంత దూరమైనా తనే నడిచి వెళ్లి, ఎదురుగా నిలబడి మింగించేది.

మొన్న వానలప్పుడు చేపలు పట్టేవాళ్ల ఇంటి ఆడమనిషి ఒకామె జ్వరంతో వచ్చింది. మాత్రలు చేదని మొండికేస్తుంటే నా భార్య ఆమెకు మేస్త్రీ కథ చెప్పింది. చేతికిచ్చిన మందు పారేసి, ఒకడు చచ్చి బతికాడని, పైగా ఇవ్వలేదని బొంకాడని. నా భార్య గొంతులో ఎంత నమ్మకం ఉందో విన్నాను. నా అబద్ధాన్ని ఇంటింటికీ తనే మోస్తోంది, పాఠంలా చెబుతోంది. చేపలామె వెళ్లగానే అరుగు మీదికి వెళ్లి ఉన్నదంతా చెప్పేశాను.

 ఆమె ఎందుకని మాత్రం అడిగింది.

"నువ్వు ఆయనతోని నవ్వినవ్."

"నవ్వియ్యకపోతే సూది సూసి వేలు గుంజుకుంటరయ్యా" అంది. కోపం కూడా లేదు ఆ గొంతులో. వాడిన కార్డును డబ్బాలో పడేసి, "నాకు జెప్పుడు గాదు. ఆయనకు జెప్పు. నేనూ వస్త. నలుగుర్ల అబద్ధాలోడన్నది నేనే గద" అంది.

అతను ఇప్పుడు కీసర వైపు పనిచేస్తున్నాడని సిమెంటు లారీవాళ్లను అడిగి తెలుసుకున్నాను. ఇద్దరం బండి మీద వెళ్లాం. దారిలో ఆమె నా భుజం పట్టుకోలేదు, వెనకున్న కమ్మీ పట్టుకుని కూర్చుంది. మేస్త్రీ మెట్లకు ప్లాస్టరింగ్ చేయిస్తున్నాడు. మమ్మల్ని చూసి చేతులు కడుక్కుని వచ్చాడు. పక్కకు వెళ్లి మాట్లాడుకుందామన్నాడు. వద్దన్నాను. కూలీలు కూడా తాపీలు ఆపి చూస్తున్నారు.

"మాత్రలు నేను తేలే. మా ఆమె నాతోని పంపింది, నేనే దాసిపెట్టిన. నీమీద కుళ్లుకొని జేసిన. నువ్వు అబద్ధం జెప్పలే, నేను జెప్పిన. వీళ్లందరు ఇనాలె. తప్పు నాది, మాఫ్ జెయ్యి" అన్నాను.