అక్క సూది చెల్లెలి జబ్బకు

ఆఫ్రికా పడమటి తీరాన షామా రేవులో పన్యిన్‌ను పిలిస్తే కక్రా కూడా పలుకుతుంది. కక్రాను తిడితే పన్యిన్ కూడా కొట్లాటకు వస్తుంది. కవలలు కదా. ముందు పుట్టింది పన్యిన్, వెనక పుట్టింది కక్రా. యాభై రెండేళ్ళుగా ఒకే తానులో చింపిన గుడ్డ కట్టుకుని, ఒకే పాకలో చేపలకు పొగబెట్టి, ఒకే బల్ల మీద పెట్టుకుని అమ్ముకుంటున్నారు. పెళ్ళిళ్ళు కూడా ఒకే రోజున ఇద్దరు అన్నదమ్ములతో జరిగాయి. ఎవరి భార్య ఎవరో ఆ అన్నదమ్ములకు తెలుసనే ఊరి నమ్మకం. అంతకంటే లోతుగా ఎవరూ ఆరా తీయలేదు.

ఈ అలవాటు వాళ్ళమ్మ పెట్టింది. ఒకరికి జ్వరం వస్తే ఇద్దరి గొంతులోనూ చేదు కషాయం పోసేది. ఒకరు అల్లరి చేస్తే ఇద్దరి వీపులూ వాయగొట్టేది. "మీది ఒకే ఒళ్ళే, రెండు ముక్కలుగా ఊడిపడింది" అనేది. ఈ మాటను పన్యిన్ కడుపునిండా వాడుకుంది. బడికి టీకాలవాళ్ళు వస్తే కిటికీలోంచి దూకి సముద్రం వైపు పారిపోయేది. కక్రా వరసలో ఒకసారి తన పేరుతోనూ ఇంకోసారి అక్క పేరుతోనూ నిలబడేది. పన్యిన్ సామాన్యురాలు కాదు. బేరగాళ్ళను ఏడిపించగలదు, తాగి వచ్చిన మొగుణ్ణి ఒంటిచేత్తో నీళ్ళ తొట్టిలో ముంచగలదు. సూదిని చూస్తే మాత్రం పై ప్రాణాలు పైనే పోతాయి.

ఇంత గొడవకూ మూలం పెంగ్విన్ పక్షులు. చర్చి ఆడవాళ్ళ సంఘానికి పెద్ద బెంట్సివా టీచరమ్మ. బడిలో పంతులమ్మగా చేసి దిగిపోయినా పాఠం చెప్పడం మానని మనిషి. ఆమె ఒక ఆదివారం ఫోనులో బొమ్మ చూపించింది. దక్షిణాఫ్రికాలో కేప్ టౌన్ అనే ఊళ్ళో, సముద్రపొడ్డున, నల్లకోటు తొడుక్కున్న పక్షులు. అచ్చం మన చర్చి పెద్దలు కానుకల పళ్ళెం పట్టుకుని నడిచినట్టే నడుస్తున్నాయి. సంఘమంతా పగలబడి నవ్వింది. కక్రా నవ్వీ నవ్వీ చివరకు ఏడ్చేసింది.

"అక్కా, వీటిని చూడకుండా నేను చావనే" అంది.

"నువ్వు చూస్తే నేను చూసినట్టే" అంది పన్యిన్. మళ్ళీ తనే, "అయినా నేనూ వస్తా. నువ్వు సరిగ్గా చూడవు" అంది.

రెండేళ్ళు డబ్బు కూడబెట్టి పన్నెండు మంది ఆడవాళ్ళు ప్రయాణం కట్టారు. పనికి పోవడం కాదు, చదువుకు కాదు, ఎవరి పురిటికీ కాదు, ఊరికే చూసి రావడానికి! షామాలో ఎవరూ నమ్మలేదు. టీచరమ్మ ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక పాఠం మొదలుపెట్టేది. పాస్‌పోర్టు నకలు ఒకటి వేరే సంచిలో పెట్టుకోండి. రోజూ వేసుకునే మాత్రలు పెద్దపెట్టెలో వేయకుండా చేతిసంచిలోనే ఉంచుకోండి. విమానంలో గంటకోసారి లేచి నడవండి, లేకపోతే కాళ్ళు వాస్తాయి. వీధిలో కుక్క ముద్దొచ్చినా ముట్టుకోకండి. తినేముందు చేతులు కడగండి.

"అక్కడి కూడు మనకు పడుతుందా టీచరమ్మా? నాలుగు పొగచేపలు గుడ్డలో చుట్టుకుంటా" అంది పన్యిన్.

"చుట్టుకో. విమానాశ్రయంలో వాళ్ళు నిన్ను కూడా చుట్టి వెనక్కి పంపిస్తారు" అంది టీచరమ్మ.

అన్నిటికన్నా ముఖ్యమైంది పసుపు కార్డు. ఎల్లో ఫీవర్ అనే దోమజ్వరానికి సూది వేయించుకున్నట్టు రాసిన ఆ కార్డు చూపించనిదే మన దేశంవాళ్ళను అక్కడ కాలు పెట్టనివ్వరు. సూది అన్న మాట వినగానే పన్యిన్ కళ్ళు కిటికీల కోసం వెతికాయి. కక్రా ఆమె తొడ మీద మెల్లగా తట్టింది. ఆ తట్టుడుకు అర్థం ఇద్దరికే తెలుసు.

పక్క పట్నం టకొరాడిలో ఆసుపత్రికి కక్రా ఒక్కతే రెండు పాస్‌పోర్టులతో వెళ్ళింది. పొద్దున నర్సు ఎడమచెయ్యి చాపమంది. ఎవరికైనా ఎడమచెయ్యి ఇవ్వడం ఎంత తప్పు! "ఏమనుకోకమ్మా, ఎడమది ఇస్తున్నా" అని పదిసార్లు చెప్పుకుని సూది పొడిపించుకుంది. తర్వాత బయట పులిసిన మొక్కజొన్న పిండితో చేసిన కెంకే ముద్ద తిని, తలగుడ్డ మార్చి కట్టుకుని, అక్క పాస్‌పోర్టుతో మళ్ళీ వరసలో నిలబడింది. ఈసారి నర్సు వేరు. కక్రా నిండుగా నవ్వుతూ కుడిచెయ్యి చాపింది. "ఎంత మర్యాద తెలిసిన పెద్దమ్మవో! పొద్దున్నుంచీ అందరూ నా మొహాన ఎడమచెయ్యే పెడుతున్నారు" అని ఆ పిల్ల మురిసిపోయింది.

ఇంటికొచ్చాక కక్రాకు రెండు జబ్బలూ బిగుసుకుపోయాయి. ఒళ్ళు కాలిపోయింది. రెండు రోజులు చాప మీంచి లేవలేదు. పన్యిన్ మాత్రం కార్డు పట్టుకుని పాకంతా గంతులు వేసింది. మధ్యలో గుర్తొచ్చి, "అబ్బా, నాకూ లాగుతోందే జబ్బ" అని మూలిగింది కూడా.

ఇంతా చేసి తర్వాతి ఆదివారం టీచరమ్మ మొత్తం చెడగొట్టింది. ప్రయాణానికి వారమే ఉంది, అందరి కార్డులూ తీసి చూస్తోంది. "ప్రయాణం నాటికి పది రోజులు నిండుతాయిగా అన్నిటికీ? సూది పడ్డాక పది రోజులకు గాని కార్డు చెల్లదు" అంది. అక్కడితో ఆగితే పీడా పోయేది. "కార్డు ఉంది కదా అని మురిసిపోకండి. దోమకు చదువు రాదు, కార్డు చూసి వదలదు. ఒంట్లో మందుంటేనే బతుకుతాం. మా మేనత్తకు ఆ జ్వరమే వచ్చింది. కళ్ళు పచ్చబడ్డాయి. వారం తిరక్కుండా మట్టిచేశాం" అంది.

కక్రాకు నవ్వు ఆగిపోయింది. ఇంటికి వెళ్తూ దారిపొడుగునా అక్క కళ్ళలోకే చూస్తూ నడిచింది.

"ఏంటే ఆ చూపు? నా మొహం ఎప్పుడూ చూళ్ళేదా, అద్దంలో చూసుకో చాలు" అంది పన్యిన్.

"అక్కా, నాకేసిన మందు నీకెక్కిందంటావా?"

"ఎక్కకేం? అమ్మ ఏం చెప్పింది?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం పన్యిన్. కక్రా పరీక్ష పెట్టింది. పాకలో కూర్చుని నోరంతా మిరపకారం కుక్కుకుంది. కళ్ళూ ముక్కూ కారిపోతుంటే, "నీకు మండుతోందా?" అని అడిగింది.

పన్యిన్ నోరు తెరిచి విసురుకుంది. "మండకేం! నీళ్ళు తేవే!"

"నేనింకా తినలేదు, ఉత్తినే నమిలినట్టు చేశా" అని అబద్ధమాడింది కక్రా, కన్నీళ్ళు తుడుచుకుంటూ.

"అందుకే కొంచెమే మండింది."

ఈ దారిన పని జరగదని కక్రా నాటుసారా తెచ్చింది. చర్చికి కట్టుకెళ్ళిన గుడ్డ విప్పి పక్కన పెట్టి మరీ రెండు గ్లాసులు గటగటా తాగింది. పన్యిన్ గ్లాసు ముట్టకుండానే తూలింది, పాట అందుకుంది, చేపల బుట్ట మీద పడింది. అది చూసి కక్రా కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వు మధ్యలోనే ఏడుపు తన్నుకొచ్చింది.

"చాల్లే అక్కా. నీకు జ్వరమొస్తే నేను తాగే మందు నీకు పనిచేయదే. నువ్వు పోతే నేను మిగిలిపోతా. నాకు భయంగా ఉందే."

పన్యిన్ బుట్ట మీంచి లేచి గుడ్డ దులుపుకుంది. "నేనెక్కడికి పోతానే, మూతి పళ్ళు రాలగొడతా" అంది. ఆ తర్వాత చిన్నగా, "పొడిచేటప్పుడు నా చెయ్యి పట్టుకుంటావా?" అంది.

కక్రా లెక్క సులువైనది. గుట్టుగా సూది వేయించాలి, పాత కార్డే చూపించాలి, ఇద్దరూ కలిసి విమానమెక్కాలి. మర్నాడే టకొరాడి వెళ్ళారు. కుడిచేతికి సూది వేసిన నర్సే ఉంది. పన్యిన్ పాస్‌పోర్టు ఇచ్చింది. అలవాటు కొద్దీ పసుపు కార్డు అందులోనే ఉంచేసింది.

నర్సు కార్డు చూసి నవ్వింది. "నీకు వేసేశాం కదమ్మా! జన్మకు ఒకసారి చాలు. సంతోషంగా వెళ్ళిరా."

పన్యిన్ కుర్చీలోంచి ఎగిరి నిలబడింది. "విన్నావే? డాక్టరమ్మే చెప్పింది! పద, బస్సు పోతుంది" అని గుమ్మం దాటబోయింది.

కక్రా కాళ్ళు కదల్లేదు. నోరు మూసుకుంటే చాలు. వారం తిరిగేసరికి ఇద్దరూ పక్కపక్క సీట్లలో ఉంటారు. నోరు తెరిస్తే ఆ కార్డు చిత్తుకాగితం. కొత్తది చెల్లేసరికి విమానం వెళ్ళిపోతుంది. పెంగ్విన్లూ లేవు, ఏమీ లేవు. ఆమె అక్క వీపును చూసింది. ఆ వీపులో మందు లేదు.

"ఆ చెయ్యి నాదమ్మా" అంది. రెండు జబ్బలూ చూపించింది.

నర్సు నోరు వెళ్ళబెట్టింది. "కుడిచెయ్యి ఇచ్చిన మర్యాదస్తురాలివి నువ్వా! ఒకేరోజు రెండు సూదులా! మందనుకున్నావా, మొక్కజొన్న పొత్తులనుకున్నావా?" అని చెడామడా తిట్టింది. తిడుతూనే పాత కార్డు మీద అడ్డంగా గీత కొట్టింది, సూది సిద్ధం చేసింది. పన్యిన్ ఏ కిటికీకి ఊచలు లేవో చూసేలోపు కక్రా ఆమెను కుర్చీలో కూలేసి చెయ్యి పట్టుకుంది. పన్యిన్ గట్టిగా కీర్తన అందుకుంది. కక్రా కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి, పోటు కోసం ఎదురుచూసింది.

"అయిపోయింది" అంది నర్సు.

"ఎప్పుడు?" అంది కక్రా.

"ఇంతేనా!" అని కేకేసింది పన్యిన్. "చీమ కుట్టినట్టుందే! దీనికా నేను కిటికీలు దూకింది!" ఆమె నవ్వు ఆసుపత్రి అంతా మారుమోగింది. వరసలో ఉన్నవాళ్ళూ నవ్వారు. కక్రా మాత్రం తన జబ్బలు రెండూ తడుముకుంటూ ఉండిపోయింది. ఎక్కడా ఏమీ కుట్టలేదు. "నాకేం తెలియలేదే అక్కా" అంది.

బస్సులో కక్రా తానూ ప్రయాణం మానేస్తానంది. పన్యిన్ ఒప్పుకోలేదు. "నోరు ముయ్యి. నా నొప్పి నాది, నీ నొప్పి నీది అని తేలిపోయిందిగా. నీ విమానం నువ్వెక్కు. నా కార్డుకు రోజులు నిండగానే నేను ఒక్కదాన్నే వస్తా" అంది. సూది గెలిచిన మనిషి మరి, ఆమె నోటికి పగ్గమేముంది! టీచరమ్మ ఇద్దరినీ నిలబెట్టి కడిగేసింది. ఆ తర్వాత టికెట్టు అమ్మినవాడి కాళ్ళావేళ్ళా పడి పన్యిన్ సీటును నాలుగు రోజులు వెనక్కి జరిపించింది.

కేప్ టౌన్‌లో కక్రా కొండ చూసింది, దుకాణాలు చూసింది, చలికి వణికింది. పెంగ్విన్ల దగ్గరికి మాత్రం కదలనంది. పొద్దున లేచి "అక్కా, నీళ్ళు" అని పక్కమంచానికి చెప్పి, ఖాళీ మంచాన్ని చూసి నాలిక కరుచుకునేది. ఒకరోజు హోటల్ లిఫ్టులో ఇరుక్కుపోయి, ముక్కూమొహం తెలియని ముసలాయనతో కలిసి కీర్తనలు పాడింది.

నాలుగో రోజు విమానాశ్రయంలో తలుపులు తెరుచుకున్నాయి. పన్యిన్ వచ్చింది. ఎవరిదో ఎర్ర ఉన్నిటోపీ పెట్టుకుని, ఎవరో ఇచ్చిన పూలు పట్టుకుని, అటూ ఇటూ అందరికీ చేతులూపుతూ వచ్చింది. ఇద్దరూ పరుగెత్తుకుని వచ్చి గుద్దుకున్నారు. "ఏం జరిగిందో తెలుసా!" అని ఒక్క గొంతుతో అరిచారు. వెంటనే ఇద్దరూ ఆగిపోయారు. తెలియదు. ఒకరి కబురు ఇంకొకరికి తెలియకపోవడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి.

"నేను ముందు చెప్తా" అంది పన్యిన్. "విమానంలో నా పక్కనొకడు కూర్చున్నాడే. ఇంతెత్తున్నాడు. మేఘాల్లోకి పోగానే నా చెయ్యి పట్టేసుకున్నాడు."

కక్రా ఆ ఎర్రటోపీని, ఆ పూలను, తాను లేనిచోట నవ్వి వచ్చిన ఆ మొహాన్ని తేరిపార చూసింది. ఆమెకు నవ్వొచ్చింది.

"ఆ తర్వాత?" అని అడిగింది.