ఈరప్ప బిగించిన బోల్టులు

హిందూపురంలో మోటార్లకు వైండింగ్ చుట్టే ఈరప్పది చేయి మంచిదని పేరు. నోరు మాత్రం అంత మంచిది కాదు. కాలిన మోటారు తెచ్చినవాడిని ముందు నాలుగు తిట్టి, ఆ తర్వాతే మూత విప్పేవాడు. పంక్చర్ షాపుల గాలి కంప్రెసర్లూ అతనే బాగుచేసేవాడు. ఆ పనిలోనే కొంప మునిగింది.

ట్యాంకు నిండగానే మోటారును ఆపాల్సింది స్విచ్చి. ఓల్టేజీ ఎగుడుదిగుళ్లకు దాని పాయింట్లు కాలి అతుక్కుపోతే మోటారు ఆగదు. అప్పుడు సేఫ్టీ వాల్వు తెరుచుకుని ఎక్కువైన గాలిని బయటికి తోస్తుంది. అది కూసిందంటే చాలు, మనవాళ్లకు ప్రాణం ఉసూరుమంటుంది. కరెంటు పెట్టి పట్టిన గాలి ఊరికే పోతోందని ఏడుపు! వాల్వు పీకి, ఆ రంధ్రం మూసేలా బోల్టు బిగించమంటారు. ఈరప్ప ఓ టీ తాగి బిగించేసేవాడు. అన్నీ తెలిసినవాడే, అదీ నా కడుపుమంట.

పోయిన ఎండాకాలం పెనుకొండలో అలాంటి ట్యాంకొకటి పట్టపగలు పేలింది. షాపు నడిపే సుబ్బరాయుడిని రేకుల కప్పుతో సహా రోడ్డు మీదికి విసిరేసింది. మనిషిని దుప్పట్లో మూటగట్టి తీసుకుపోయారు. ట్యాంకు పాతదన్నారు, తలరాత అన్నారు. బోల్టు సంగతి ఎవరికీ తట్టలేదు. ఈరప్ప తేలు కుట్టిన దొంగలా నోరెత్తలేదు.

మూడో రోజు నుంచి తన బోల్టులు తానే పీకుతూ తిరిగాడు. ధర్మవరం దాకా పదకొండు పీకాడు. పన్నెండోది సోమందేపల్లిలో, సుబ్బరాయుడి అల్లుడు నరేష్ షాపులో ఉంది. సుబ్బరాయుడి కూతురు అశ్విని ఆ ట్యాంకు పక్కనే కూర్చుని ట్యూబులు అతికిస్తుంది. అక్కడికి పోవడానికి అతనికి కాళ్లు రాలేదు. చివరికి పోయాడు.

పోయేసరికి మోటారు ఆగకుండా తిరుగుతోంది. ఒత్తిడి చూపే ముల్లు ఎర్రగీత దాటేసింది. ఆపమంటే నరేష్ నవ్వి, లారీ టైర్లకు గాలి పట్టాలన్నాడు. ఈరప్ప మారు మాట్లాడకుండా మెయిను లాగేశాడు. నరేష్ అతని రొమ్ము మీద చేయివేసి నెట్టాడు, ఈరప్ప తిరిగి నరేష్ చెంప పగలగొట్టాడు. అంతే, టైర్లు విప్పే రాడ్డు ఈరప్ప భుజం మీద పడింది. అతను మెయినుకు అడ్డం నిలబడి కదల్లేదు. రెండో దెబ్బకు దవడ చీలి పన్ను ఊడి కింద పడింది.

“ఆ బోల్టు బిగించింది నేనేరా. పెనుకొండలో మీ మామకు బిగించిందీ నేనే,” అన్నాడు రక్తం ఉమ్ముతూ.

నరేష్ చేయి ఆగిపోయింది. అశ్విని లేచొచ్చి మొగుడి చేతిలోని రాడ్డు లాక్కుంది. వైండింగ్ చుట్టే ఈరప్ప కుడి మణికట్టు మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. ఏడుస్తూనే మళ్లీ కొట్టింది. ఈరప్ప చేయి వెనక్కి తీసుకోలేదు.

“కడసారి చూసుకునేకి మా నాయనకు మొగం గూడా లేకపాయె గదప్పా,” అంది.

ఈరప్ప గోడకు జారగిలబడ్డాడు. ఆమె రాడ్డు పారేసి, అతని సంచిలోంచి స్పానరు తీసుకుని నేరుగా ట్యాంకు దగ్గరికి నడిచింది. అది చూసి అతను నొప్పి మరిచి లేవబోయాడు.

“ఆగమ్మా. గాలి ఉండంగా బోల్టు ముట్టొద్దు. అడుగున కొళాయి ఉండాది, ముందు అది తిప్పు. మొగం పక్కకు పెట్టుకో తల్లీ.”

అశ్విని మొగం పక్కకు తిప్పుకుని, వంగి కొళాయి తిప్పింది.