జనార్దనరావు గారి తూటాల ప్రెస్సు

జనార్దనరావుకి తుపాకీ చప్పుడంటేనే వణుకు. ఆ సంగతి ఆయన భార్య జ్ఞానప్రసూనకీ, ఆస్ట్రేలియాలో, టూవూంబా ఊళ్ళో వాళ్ళ పక్కింట్లో ఉండే నాకూ తెలుసు. అయినా తొంభై తొమ్మిదిలో రైఫిల్ క్లబ్బులో చేరాడు. ఆఫీసులో ఆయన పైఅధికారి ట్రెవర్ అందులో సభ్యుడు. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోకుండా చూసే వైటూకే పని ముగిశాక ఉద్యోగం పొడిగించాల్సింది ఆ ట్రెవరే.

గురి ఎలాగూ కుదరలేదు, సామాను కొన్నాడు. పేలిన తూటాల ఖాళీ గొట్టాల్లో మళ్ళీ తుపాకీ మందు నింపే ప్రెస్సు, మందు కొలిచే ప్లాస్టిక్ డబ్బా. గరాజులో వాషింగ్ మెషీన్ పక్కన బిగించాడు. బార్బెక్యూ విందుకి వచ్చిన వాళ్ళందరినీ అక్కడికి లాక్కెళ్ళి, "తూటాలు మనమే మేక్ చేసుకుంటామండీ, షాపులో కొనే ఖర్మేంటి?" అనేవాడు. చేసింది ఒక్కసారి. ఆ రోజు డబ్బాలో మిగిలిన మందు తీయలేదు, ప్రెస్సుకి నూనె గుడ్డ తగిలించలేదు.

"తడికి పాడైపోతుందండీ, తుడిచి ఓ పాత దుప్పటైనా కప్పండి" అంది జ్ఞానప్రసూన.

"అది మెషీన్, నీ ఇడ్లీపాత్ర కాదు" అన్నాడు. ఇడ్లీపాత్రని ఆవిడ రోజూ తోముతుందని ఆ మేధావికి తట్టలేదు.

జనవరిలో కంప్యూటర్లకేమీ కాలేదు. ఓ శనివారం ట్రెవర్ వచ్చి, ఈ ఆర్వో, అంటే మధ్యాహ్నం, కలిసి తూటాలు చేద్దామన్నాడు. నేనూ వెళ్ళాను. ప్రెస్సు పిడి లాగితే కదల్లేదు, లోపలంతా తుప్పు. డబ్బాలో వదిలేసిన మందు ఆ ప్లాస్టిక్కుని తినేసింది. మిగతా మందు సీసా గ్యాస్ హీటర్‌ని ఆనుకుని ఉంది. ట్రెవర్ మొహం పాలిపోయింది. సీసా తీసి బయట నీడలో పెట్టొచ్చాడు.

"మా ఆవిడ బట్టలుతికిన తడి, ట్రెవర్. ఐ టోల్డ్ హర్ సో మెనీ టైమ్స్!"

జ్ఞానప్రసూన రెండు కప్పుల టీతో గుమ్మంలోనే ఉంది. ఒకటి ట్రెవర్‌కి ఇచ్చింది. రెండోది అక్కడే నిలబడి తనే తాగేసింది.

మర్నాడు ఆవిడే ఆ సామాను క్లబ్బులో సభ్యుడైన పశువుల డాక్టరు తాహెర్‌కి ఇచ్చేసింది. ఆయన తుప్పు వదిలించి, నూనె పట్టించి, మూతపెట్టెలో భద్రం చేశాడు. ఓ రోజు నేను తాహెర్ ఇంట్లో ఉండగా, చూడ్డానికి జనార్దనరావూ వచ్చాడు. పిడి ఓసారి ఆడించి, "ఆయిల్ వెయ్యమని నేను చెప్పింది ఇందుకే" అన్నాడు.

తాహెర్ మర్యాదస్తుడు, తలూపాడు. నేను లేచి వచ్చేశాను.