పోని మరక

పళ్ల డాక్టరు కుర్చీలో కూర్చుని కాలు ఆడించడం మొదలుపెడితే కింది వాటాలో గిన్నెలు మోగేవి. పగలంతా జనం పళ్లలో పుచ్చులు వెతికే మనిషి, ఇంటికొచ్చి వీడియోగేమ్‌లో అంతరిక్ష ఓడ నడుపుతూ బ్లాక్‌హోల్ వెతికేవాడు. అది కంటికి కనబడదు. వెనకున్న చుక్కలు వంకరపోవడమే దాని ఆనవాలు. దొరికేదాకా గడ్డం గీయనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ గడ్డానికి జడిసి పిల్లలు ఆయన ముందు నోరు తెరవడమే మానేశారు.

ఆ సాయంత్రం భార్య అన్నగారి కూతురి పెళ్లి. "ఈ అవతారంతో వస్తే మా అన్నయ్య గుమ్మంలోనే ఆపేస్తాడు. నేనొక్కదాన్నే పోతా" అంది భార్య.

"ఇదే ఆఖరుసారే!"

"పొద్దున్నించీ ఆఖరుసారే! ముందా తెర తుడవండి, మరక పడింది" అంటూ తనే గుడ్డతో రుద్దింది. "పోదేంటండీ? చుక్కలన్నీ దీని చుట్టూ వంగిపోయాయి!"

ఆయన కాలు టక్కున ఆగింది. "దొరికిందే!" అని ఒక్క గంతేసి, గడ్డం గీసుకోడానికి పరుగెత్తాడు. ఒక చెంప పూర్తయ్యేసరికి, ఆ బ్లాక్‌హోల్‌కి జోడు పక్కనే ఉందేమోనని బుర్రలో పురుగు తొలిచింది.

భార్య చెప్పులేసుకుంటుంటే కింది వాటాలో గిన్నెలు మోగాయి.