రోకలి తీసి తలుపు మూసిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో చలికాలం వస్తోందంటే ముందు దిగులుపడేది నూలు గురించే. మనుషుల సంగతి ఆ తరవాత. నగరి దగ్గర మాది నేతపని చేసే కుటుంబం. కార్తీకం పోయి మార్గశిరం వచ్చేసరికి మా వైపు ముసురు పట్టేది. మూడు నాలుగు రోజులు ఎండ మొహం కనబడేది కాదు, తూర్పు నుంచి తడిగాలి ఒకటే కొట్టుడు. ఆ తడికి మగ్గం మీద బారుగా పరిచిన దారాలు, మేం పడుగు అంటాం, చెమ్మ పట్టి ఒకదానికొకటి అతుక్కుపోయేవి. అలాంటి పడుగు మీద నేస్తే చీర వదులుగా వస్తుంది. అందుకని పడుగు కింద కుంపట్లో బొగ్గులు రాజేసి పెట్టేవాళ్లు. మాకు జలుబు చేస్తే మిరియాల కషాయం పోసి పొమ్మనేవాళ్లు, నూలుకు మాత్రం కుంపటి సేవ జరిగేది.

మగ్గం గది చిన్నది. ఒకే తలుపు, ఒకే కిటికీ. మాది గుంట మగ్గం, అంటే నేసేవాళ్లు కాళ్లు దింపుకుని కూర్చోవడానికి నేలలో నడుము లోతు గుంట తవ్వి ఉంటుంది. కుంపటి రాజేసిన రోజుల్లో మా అవ్వ, మా నాయనకు తల్లి, ఒక పని తప్పకుండా చేసేది. తలుపు మూసుకోకుండా రోకలి అడ్డం పెట్టేది. జానెడు సందు ఎప్పుడూ ఉండాల్సిందే. ఆ సందులోంచి వచ్చే తడిగాలి నూలుకు తగులుతుందని మా నాయన సణిగేవాడు.

"సెగ పెట్టేది ఎందుకు, తలుపు తెరిసి పెట్టేది ఎందుకమ్మా?" అనేవాడు.

అవ్వ వాదించేది కాదు. రోకలి మాత్రం తీయనిచ్చేది కాదు. ఎందుకని మేం అడిగితే "గాలి రావాల" అని ఊరుకునేది. అంతకుమించి ఒక్క ముక్క చెప్పేది కాదు. చాదస్తం అనుకుని మేమూ వదిలేశాం.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు, మా చెల్లెలికి నాలుగు. ఒక రోజు పొద్దున్నే సత్యవేడు నుంచి ఎవరో బంధువు పోయారని కబురొస్తే అమ్మా నాయనా బస్సెక్కి వెళ్లారు. పడుగు చెమ్మ పట్టకుండా చూడమని అవ్వకు, చెల్లెల్ని చూసుకోమని నాకు చెప్పి వెళ్లారు. అవ్వ కుంపటి రాజేసి పడుగు కింద పెట్టింది, రోకలి అడ్డం పెట్టింది, పాత కంబళి కప్పుకుని గది బయట పంచలో రాట్నం ముందు కూర్చుంది. మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే కండెలకు నూలు చుట్టడం ఆమె పని. రాట్నం తిరుగుతుంటే ఆ చప్పుడులో పక్కనున్న మనిషి మాట కూడా సరిగా వినబడదు.

ఆ రోజు చలి మామూలుది కాదు. చెల్లెలు రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని వణుకుతోంది. దాన్ని మగ్గం గదిలోకి తీసుకుపోయాను. కుంపటి పక్కన కూర్చున్నా తలుపు సందులోంచి గాలి ఈటెలా వచ్చి వీపుకు తగులుతోంది. అప్పుడు నా బుర్రకు తెలివి పుట్టింది. ఎందుకు పుట్టిందా అని అరవై ఏళ్లుగా తిట్టుకుంటున్నాను.

అవ్వ చూడకుండా రోకలి తీసి పంచలో ఆమె వెనక గోడకు ఆనించాను. తలుపు గట్టిగా మూశాను. కిటికీలో గోనెసంచి కుక్కాను. కుంపటిని రెండు పాతగుడ్డలతో పట్టుకుని మెల్లగా గుంటలోకి దించాను. చెల్లెల్ని కూడా దించి, మగ్గం కర్రల మీద మా నాయన దుప్పటి పరిచి, పైన కప్పులా చేశాను. లోపల మాకిద్దరికీ ఒక చిన్న ఇల్లు తయారైంది. గాలి లేదు, చలి లేదు. పెద్దవాళ్లకు ఎవరికీ తట్టని ఉపాయం నాకు తట్టిందని ఎంత మురిసిపోయానో.

చెల్లెల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని కథ మొదలుపెట్టాను. కాసేపటికి అది "అక్కా, తలకాయ నొస్తా ఉండాది" అంది. చలిలో తిరిగినందుకు నొప్పి అనుకుని, పండుకో పోతాది అన్నాను. అది బుద్ధిగా కళ్లు మూసుకుంది. ఎప్పుడూ అంత తొందరగా నిద్రపోయే పిల్ల కాదు. దాన్ని నిద్రపుచ్చాలంటే అమ్మకు సగం రాత్రి పట్టేది. నేను చిటికెలో నిద్రపుచ్చానని గర్వపడ్డాను. దాని బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. వెచ్చదనానికి పిల్ల ఎంత బాగుందో అనుకున్నాను.

నాకూ తల బరువుగా ఉంది. కడుపులో తిప్పుతోంది. ఆకలేమో అనిపించింది. వంటింట్లో శనక్కాయలు ఉన్నాయి, తెచ్చి కుంపట్లో కాల్చుకుందామని లేచాను. లేవబోతే కాళ్లు నా మాట వినలేదు. గుంట అంచు పట్టుకుని రెండుసార్లు జారి, మూడోసారి ఎలాగో పైకి పాకాను. తలుపు తీసుకుని బయటికి వచ్చాను. వచ్చినదాన్ని ఊరుకోలేదు. లోపలి వెచ్చదనం పోతుందని, చెల్లెలికి చలేస్తుందని, తలుపు మళ్లీ దగ్గరికి లాగి మరీ వచ్చాను. 

పంచలోకి రాగానే చల్లగాలి మొహానికి కొట్టింది. అక్కడే కూలబడి వాంతి చేసుకున్నాను. అవ్వ రాట్నం ఆపింది.

"ఏమ్మే, ఏం తిన్నావు? పాప యాడ?"

"గుంటలో పండుకోనుండాది అవ్వా. ఆడ వెచ్చగా ఉండాది. లేపొద్దు" అన్నాను.

అవ్వ నా వైపు చూడలేదు. గోడకు ఆనించిన రోకలి వైపు చూసింది. ఆ ముఖం నేను మరిచిపోవాలన్నా మరిచిపోలేను. మోకాళ్ల నొప్పులతో గోడ పట్టుకుని లేచే మనిషి, రాట్నాన్ని తన్నేసి ఒక్క ఉరుకున తలుపు దగ్గరికి పోయింది. తలుపు బార్లా తోసి, కిటికీలోని గోనెసంచి లాగి పారేసి, దుప్పటి ఊడబెరికి గుంటలోకి దిగింది. చెల్లెల్ని ఎత్తుకుని వచ్చింది. దాని తల ఒక పక్కకు, చేతులు ఒక పక్కకు వేలాడుతున్నాయి.

పొయ్యి దగ్గరికి తీసుకుపోతుందనుకున్నాను. అవ్వ తిన్నగా వాకిట్లోకి, ఆ ముసురులోకి తీసుకుపోయింది. వాన తుంపర పిల్ల మొహం మీద పడుతోంది. నాకు పిచ్చెత్తినట్టయింది. చెల్లి చలికి చచ్చిపోతుంది అవ్వా, లోపలికి తీసుకురా అని కాళ్లు పట్టుకుని ఏడ్చాను.

"సలికి సావదే పిల్ల! ఆ లోపలుండే సెగకు సస్తాది!" అని అరిచింది.

ఆ కేక విని చుట్టుపక్కలవాళ్లు పరిగెత్తుకొచ్చారు. అవ్వ పిల్లను ఒళ్లో వేసుకుని అరికాళ్లు రుద్దుతోంది, బుగ్గలు తడుతోంది, పేరు పెట్టి పిలుస్తోంది. మా చెల్లెలు పలకలేదు. ఎంతసేపో నాకు తెలీదు. నేను దేవుడికి మొక్కలేదు, ఏమీ చేయలేదు. దాని పొట్ట పైకీ కిందకీ ఆడుతోందా లేదా అని చూస్తూ నిలబడ్డాను. ఆడినట్టే ఉంటుంది, ఆగినట్టే ఉంటుంది. ఆఖరికి అది చిన్నగా మూలిగింది. ఆ మూలుగు వినగానే బురదలోనే కూర్చుండిపోయాను.

పక్కింటాయన సైకిలు మీద అవ్వను, పిల్లను ఆసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ ప్రాణవాయువు పెట్టారట. మూసిన గదిలో బొగ్గులు మండితే వాసన కూడా లేని విషపు గాలి పుడుతుందని, అది పీల్చినవాళ్లకు నిద్ర వస్తుంది తప్ప ప్రమాదమని తెలియదని, గాలిలోకి తెచ్చారు కాబట్టి బతికిందని డాక్టరు చెప్పాడట. ఈ మాటలు నాకు తరవాత తెలిశాయి. చీకటి పడేవేళకు పిల్లను ఇంటికి తెచ్చారు. అమ్మా నాయనా కూడా అప్పుడే వచ్చారు.

ఇల్లంతా జనం. వీధి చివర ఉండే ఒక ముసలామె నొసలు చిట్లించి, ఈ గుంటలో ఏదో ఉండాది, ముందు కూడా ఈ ఇంట్లో ఒక బిడ్డ ఇట్లే పోయినాడు కదా, గాలి సోకింది, తాయెత్తు కట్టించండి అంది. నలుగురూ తలలూపారు. ఏం జరిగింది పాపా అని నాయన నన్ను అడిగాడు. నేను ఏమన్నానో తెలుసా? గుంటలో ఏదో నల్లగా కనబడింది నాయనా అన్నాను. దెయ్యం మీదకు నెట్టేస్తే నాకు దెబ్బలుండవు. అవ్వ మంచం పక్కన కూర్చుని నా వైపే చూస్తోంది. 

మరుసటి రోజు పొద్దున అవ్వ నన్ను పిలిచి మగ్గం గదికి తీసుకుపోయింది. తలుపు, కిటికీ తెరిచే ఉన్నాయి. గుంట అంచున కూర్చోబెట్టి పక్కన తానూ కూర్చుంది. తన్నుతుందని భుజాలు ముడుచుకున్నాను. ఆమె నా జుట్టు చిక్కు తీస్తూ మాట్లాడింది.

"మీ నాయనకు అన్న ఒకడు ఉండేవాడు. అప్పుడు నీ చెల్లెలంత ఉన్నాడు. ఇట్లే ముసురు పట్టిన పొద్దు. బిడ్డకు సలేస్తాదని నేనే కుంపటి ఈడ పెట్టి, తలుపు మూసి, నీళ్లకు పోయినాను. వచ్చి సూస్తే నిద్రపోతా ఉన్నట్టే ఉన్నాడు. లేపితే లేయలేదు."

ఆమె నా జుట్టులో ఇంకో చిక్కు పట్టుకుంది.

"ఊళ్లోవాళ్లు గాలి సోకిందన్నారు. నేనూ అవునన్నాను. అట్లంటే నా తప్పు లేదు కదా. నాకు లోపల తెలుసు. ఆ గదిలో తలుపు మూస్తే నాకూ తల తిరిగేది. అయినా ఎవురికీ సెప్పలేదు. రోకలి అడ్డం పెట్టుకుంటా వచ్చినాను, అంతే. ఎందుకు పెడతా ఉండానో సెప్పింటే నువ్వు తీసేదానివా సెప్పు?"

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె కొంగుతో నా మొహం తుడిచి, లే పోదాం అంది.

నాయన పంచలో కూర్చుని ఉన్నాడు. అవ్వ ఆయన ముందు నిలబడి, నాకు చెప్పింది చెప్పినట్టు ఆయనకు చెప్పింది. నలభై ఏళ్ల కిందటి మాట, కన్నకొడుకుకు మొదటిసారి చెప్పింది.   చెప్పడం అయ్యాక నా వైపు తిరిగింది. చెప్పమనలేదు, చెయ్యి పట్టుకుంది. నేను ముందుకు వచ్చి, రోకలి తీసింది నేనే నాయనా, తలుపు మూసింది నేనే, నల్లగా ఏమీ కనబళ్లేదు అన్నాను. నాయన నన్ను కొట్టలేదు.  లేచి కుంపటి తీసి వాకిట్లో పెట్టాడు. ఆ ఏటి నుంచి మా ఇంట్లో ముసురు పట్టినన్నాళ్లూ మగ్గం ఆగింది. నూలు తడిస్తే తడిసింది అనుకునేవాళ్లం. మా వీధిలో ఇంటింటికీ పోయి అవ్వ ఆ సంగతి చెప్పి వచ్చింది. కొందరు విన్నారు, కొందరు మూతి తిప్పుకున్నారు.

ఇప్పుడు నేను తిరుపతిలో ఉంటున్నాను. పోయిన చలికాలం మా మనవరాలికి కాన్పయింది. బాలింతకు, పసిబిడ్డకు సాంబ్రాణి వేస్తారు కదా. ఒక రోజు నేను వెళ్లేసరికి గదిలో కిటికీలన్నీ బిగించి, తలుపు మూసి, మంచం పక్కన పళ్లెంలో ఎర్రటి బొగ్గులు పెట్టుకుని ఉన్నారు. తలుపు తీయమంటే "బిడ్డకు సలి కొడతాది అవ్వా" అన్నారు.  అరిస్తే అవ్వకు చాదస్తం అంటారు. చాదస్తానికి ఎవరూ కిటికీ తీయరని నాకు తెలుసు. అందుకే గడప మీద నిలబడి, "నా తొమ్మిదో ఏట నేను మా చెల్లెల్ని చంపబోయినాను" అన్నాను.  మిగతాది చెబుతుండగానే మనవరాలు బిడ్డను ఎత్తుకుని బయటికి వచ్చేసింది. వాళ్లాయన ఆ బొగ్గుల పళ్లెం బయటపెట్టి కిటికీలు బార్లా తెరిచాడు.

చలికాలంలో పిల్లలకు నేను జాగ్రత్తలు ఇలాగే చెబుతాను. ముందు నా తప్పు చెబుతాను, తరవాతే వాళ్లు ఏం చేయకూడదో చెబుతాను. సిగ్గేస్తుంది, అయినా చెబుతాను. భయం మాత్రం పోలేదు. మా చెల్లెలికి అరవై దాటింది. మా ఇంటికి వచ్చినప్పుడు పొద్దున లేవడం కాస్త ఆలస్యమైతే చాలు, నేను పోయి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. అది కళ్లు కూడా తెరవకుండా, "బతికే ఉండాను లే అక్కా" అంటుంది.