వద్దు మావయ్య నీలం పైపు

మావయ్య నోట మొదట వచ్చే మాట "వద్దు". కాఫీ అన్నా వద్దే, గొడుగు అన్నా వద్దే. పళ్ల డాక్టరు నోరు తెరవమంటే కూడా వద్దన్నాడు. ఆ మాట అనడానికి తెరిచిన నోట్లోనే డాక్టరు పని కానిచ్చేశాడు. కార్ల రిపేరు షెడ్డు పెట్టి ముప్ఫై ఏళ్లయినా, ఎవరికీ అక్కర్లేని సామాను అంటగట్టిన పాపాన పోలేదు.

ఈసారి మాత్రం మేనల్లుడు వినదలుచుకోలేదు. కొండ మీది ఆసుపత్రికి నర్సులను చేరవేసే పని మర్నాడు ఉదయమే మొదలు. మావయ్య మీద గురితో ఆయన కారు మోడలే ఏరి కొన్న పాత టర్బో కారేమో, ఎత్తు కనిపిస్తే చాలు, బుస్సుమంటూ నీరసపడిపోతోంది. టర్బో నెట్టే వేడి గాలిని చల్లార్చేది ఇంటర్‌కూలర్. దాని పైపులు మార్చాల్సిందేనని స్నేహితులు తేల్చేశారు.

"మావయ్యా, నాలుగూ సిలికాన్‌వి వేసెయ్."

"వద్దు."

"పికప్ పెరుగుతుందట."

"ఇంజన్ బలం పెంచుకునేవాళ్లకు కావాలి అవి. నీకు కంపెనీ రబ్బరు చాలు. నేను మోజుపడి ఒకటి వేసుకున్నాగా, నీలం రంగు తప్ప ఒరిగిందేమీ లేదు."

"నీ కారుకి ఉండొచ్చు గాని, నా కారుకి వద్దా?"

"వద్దు."

మావయ్య పైపుల్లోకి గాలి ఎక్కించి, పైన సబ్బు నీళ్లు పూశాడు. మూడు పైపులు బుద్ధిగా ఉన్నాయి. నాలుగోది బుడగలు కక్కింది.

"చిట్లింది ఇదొక్కటే. రబ్బరుది తెప్పిస్తా. వారం పడుతుంది."

మేనల్లుడి మొహం వాడిపోయింది. "రేపు వెళ్లకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారు మావయ్యా."

"చూద్దాంలే. ఇక్కడ కూర్చుని నా బుర్ర తినకు."

సాయంత్రానికల్లా కారు సిద్ధం. మర్నాడు అది ఎంత హాయిగా కొండెక్కిందంటే, వెనక సీట్లో నర్సమ్మ కునుకు కూడా చెదరలేదు. పైకి చేరాక మేనల్లుడు బానెట్ ఎత్తి చూశాడు. మూడు నల్ల పైపుల పక్కన ఒకటి నీలంగా ఉంది.

దిగి వస్తుంటే బస్టాపులో మావయ్య కనిపించాడు, చేతిలో టిఫిన్ డబ్బాతో. ఆయన కారు షెడ్డులోనే పడి ఉంది, పైపు లేకుండా.

"నీది తీసి నాకెందుకు వేశావు?"

"ఆ నీలం నా కళ్లకు గుచ్చుకుంటోంది."

"థాంక్స్ మావయ్యా."

"వద్దు."

మేనల్లుడికి గుండె నిండిపోయింది. ఆ సంగతి పైకి చెప్తే దానికీ వద్దంటాడని, కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"ఎక్కు. నీ పైపు వచ్చేదాకా రోజూ నేనే దింపుతా."

"వద్..." అంటూ మావయ్య రోడ్డు వైపు చూశాడు. బస్సు మెట్ల దాకా జనంతో వస్తోంది. మిగతా సగం మింగేసి, ఎక్కి కూర్చున్నాడు.

"ఏసీ వేయనా?"

"వద్దు," అన్నాడు మావయ్య తృప్తిగా.