బాలింత కోసం పాడుకున్న మేక

గర్భాన్ని మూసేవాడూ తెరిచేవాడూ అయిన దేవునికి స్తోత్రం. పక్షికి గింజను, చంటిబిడ్డకు తల్లి రొమ్మును ముందే సిద్ధం చేసి ఉంచేవాడికి స్తోత్రం. నాకు ఇచ్చినవాటి కోసం స్తోత్రం, ఇవ్వనివాటి కోసం కూడా స్తోత్రం. ఈ రెండోది పలకడం కష్టం. అయినా ప్రతి ఉదయం పలుకుతాను. పలికాకే పొయ్యి వెలిగిస్తాను.

మాది నందిగామ. అమ్మా నాన్నా పోయేనాటికి మా చెల్లికి జడ అల్లుకోవడం కూడా రాదు. నాకప్పటికే పెళ్లయింది. మా ఆయన ఎలిమెంటరీ స్కూల్లో మాస్టారు. చెల్లిని మా ఇంటికే తెచ్చుకున్నాను. తలకు నూనె పెట్టాను, సండే స్కూలుకు నడిపించాను, జ్వరమొస్తే ఒళ్లో పడుకోబెట్టుకుని కీర్తనలు పాడాను. దేవుడు నాకు కడుపు పండించలేదు. అందుకని నాలో ఉన్న తల్లితనమంతా దానికే ఖర్చయింది. డెబ్బైల చివర్లో జగ్గయ్యపేట సంబంధం వచ్చింది. ప్రార్థన గల కుటుంబం, అబ్బాయి మిల్లులో గుమాస్తా. పెళ్లి చేసి పంపాం.

తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. ఏ మతం వాళ్లయినా మా వైపు ఇది అందరికీ తెలిసిన న్యాయం. దాని పుట్టిల్లంటే నా ఇల్లే. ఏడో నెలలో పళ్లు, పూలు, గాజులు బుట్టలో పెట్టుకుని తీసుకురావడానికి వెళ్లాను. దాని అత్తగారు వాకిట్లో మంచం వాల్చి కూర్చోబెట్టింది, మజ్జిగ ఇచ్చింది. తర్వాత అసలు మాట చెప్పింది.

"ఏమీ అనుకోకు అమ్మాయ్. తొలిచూలు. పురుడు పోయడమంటే పాఠం చెప్పినట్టు కాదు. నువ్వా, కన్నదానివి కాదు. బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే ఏం చేస్తావ్? మాస్టారిని లేపి అడుగుతావా?"

పక్కింటి ఆడవాళ్లు నవ్వారు. వియ్యపురాళ్లు ఒకరినొకరు వదినగారూ అనుకోవడం ఆచారం. అమ్మ లేదు గనక ఆ పిలుపు నాకు రావాలి. ఈవిడ మాత్రం పెళ్లినాటినుంచీ నన్ను అమ్మాయ్ అనే పిలిచింది. చెల్లి గడపలో నిలబడి కాలి గోళ్లు చూసుకుంటోంది.

ఆడపిల్ల పుట్టింది, అక్కడే. నేను వెళ్లేసరికి బిడ్డ కింద పరిచిన పొత్తిగుడ్డలన్నీ అత్తగారి పాత చీరలు చింపినవే. బాలింతకు పథ్యం ఆవిడే వండుతోంది. చెవుల్లో దూది ఆవిడే పెడుతోంది. నాకు చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. పెట్టడం ఒక్కటే మిగిలింది. అందులోనైనా ఆవిడకు తీసిపోకూడదనుకున్నాను.

పాలిచ్చే తల్లికి ఏం తీసుకెళ్లాలి? నందిగామ సంతలో చేపల బుట్టల దగ్గర చాలాసేపు నిలబడ్డాను. సొరచేప తింటే పాలు పడతాయని పెద్దలు అంటారు. ఎండు సొరలో మంచి మంచి ముక్కలు ఏరి సంచిలో కట్టించుకున్నాను. బస్సులో కండక్టరు ముక్కు మూసుకుని, "అమ్మా, ఈ సంచికి కూడా టికెట్ కొట్టాల్సిందే. మనిషికన్నా ఎక్కువ చోటు ఆక్రమించింది దీని వాసన" అన్నాడు. అందరూ నవ్వినా నాకు చిన్నతనం అనిపించలేదు. చెల్లి కోసం కదా.

అత్తగారు సంచి విప్పి చూసి మూతి కట్టేసింది. "మూడో నెల దాకా మా ఇంట్లో బాలింతకి నీచు పెట్టం అమ్మాయ్. తల్లి తిన్నదేగా పిల్ల తాగేది."

మళ్లీ వెళ్లినప్పుడు మా మరిది, చెల్లి మొగుడు, ఎదురొచ్చాడు. "మీరు తెచ్చిన సొర భలే ఉంది వదినా! నేనూ నాన్నా రెండు పూటలు తిన్నాం. ఈసారి ఇంకాస్త తెండి" అన్నాడు. అమాయకుడు, మనస్ఫూర్తిగానే అన్నాడు.

తర్వాత మా ఆయన చేత బెజవాడ నుంచి పాలడబ్బా తెప్పించాను. రంగు బొమ్మ ఉన్న పెద్ద డబ్బా. అత్తగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "నా కోడలికి పాలు లేవని ఎవరన్నారు? ఇద్దరు పిల్లలకి సరిపోను ఉన్నాయి. ఇలాంటివి గుమ్మంలోకి తేకూడదమ్మాయ్" అని నా సంచిలోనే పెట్టేసింది. నా కోడలు అంది. ఆ మాట బస్సులో నాతోపాటు నందిగామ దాకా వచ్చింది.

వెళ్లినప్పుడల్లా ఇంకొకటి కూడా గమనించాను. బిడ్డకు పాలివ్వాల్సి వస్తే చెల్లి గోడవైపు తిరిగేది. వెనక అత్తగారు కూర్చుంటే ఆవిడ మోకాళ్లకు ఆనుకుని కళ్లు మూసుకునేది. పెంచినదాన్ని, నా ముందు సిగ్గేమిటని లోపల కాలిపోయేదాన్ని.

బైబిల్లో అత్తను విడిచిపెట్టి వెళ్లనన్న మోయాబు దేశపు కోడలి గురించి మా సంఘంలో ప్రతి పెళ్లిలోనూ చెబుతారు. ఆమె బిడ్డను కంటే ఊళ్లో ఆడవాళ్లు ఆ బిడ్డ అత్తకే పుట్టినట్టు సంతోషించారు. అత్త ఒళ్లోకి తీసుకుని పెంచింది. మంచిదే. కానీ మోయాబులో ఆ కోడలికి ఒక తల్లి కూడా ఉంది. లేఖనమే ఆ మాట చెబుతుంది. ఆ తల్లికి ఎవరైనా కబురు పంపారా? ఆమె ఏ సంతలో ఏం కొనుక్కుని ఎదురుచూసిందో? ఎన్నిసార్లు వెతికినా ఆ వాక్యం నాకు కనపడలేదు.

మిరపకోతలయ్యాక జగ్గయ్యపేట గుడిలో కోత పండుగ వచ్చింది. ఆ రోజే బిడ్డను ప్రతిష్ఠకు తెస్తున్నారని కబురొస్తే మేమిద్దరం వెళ్లాం. పాస్టరు అయ్యగారు బిడ్డను చేతుల్లోకి తీసుకుని ప్రార్థన చేశారు. ఆరాధన అయ్యాక ఆవరణలో వేలంపాట మొదలైంది. విశ్వాసులు ప్రథమఫలాలుగా తెచ్చిన గుమ్మడికాయలు, కందులు, మిరపకాయలు, కోళ్లు అన్నీ పాట పెట్టి, వచ్చింది గుడికి జమ చేస్తారు. చివర్లో వీరులపాడు నుంచి వచ్చిన ఒక కుటుంబం మొక్కు చెల్లించడానికి తెచ్చిన పాలమేకను నిలబెట్టారు. నల్లటి మేక, నిండు పొదుగు, పక్కన పిల్ల.

మేకపాలు తేలిక, బాలింత తాగితే బిడ్డకు జలుబు చెయ్యదని ఆసుపత్రి నర్సమ్మ చెప్పగా ఆ ఇంట్లో నేనూ విన్నాను, అత్తగారూ విన్నది. ఇదే నా కానుక అని మనసులో నిశ్చయించుకున్నాను. సొరలా వండనక్కర్లేదు, డబ్బాలా తిప్పి పంపేది కాదు.

నేను పాడాను. ముందు వరసలోంచి అత్తగారు ఇంకో ఐదు కలిపింది. నేను పది కలిపాను. ఆవిడ తల తిప్పి చూసి మళ్లీ ఐదు కలిపింది. మగవాళ్లవైపు నుంచి మా ఆయన వద్దు వద్దని చెయ్యి ఊపుతున్నారు. చూడనట్టే ఉన్నాను. పాట మేక ధర ఎప్పుడో దాటిపోయింది.

వేలం వేస్తున్న సంఘపెద్దకు సంగతి అర్థమైంది. "అమ్మా, ఇద్దరూ ఒక్క బాలింతకేనా పాడేది?" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. "ఆపమాకండి, కానివ్వండి! ఈ లెక్కన గుడికి కొత్త పైకప్పు కూడా వచ్చేట్టుంది."

"నా దగ్గరున్న పిల్లకి నేను పెట్టుకుంటా" అంది అత్తగారు.

"నేను పెంచిన పిల్లకి నేను పెట్టుకుంటా" అని ఒక్కసారే పాతిక కలిపాను. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. మేక నాదైంది. తాడు చేతికి రాగానే లోపల ఎంత పొంగిందో దేవుడికి తెలుసు.

అత్తగారు లేచి వచ్చింది. ముఖంలో కోపం కూడా లేదు. "సరే గెలిచావు. తోలుకొచ్చి మా దొడ్లో కట్టెయ్ అమ్మాయ్."

"దొడ్లో ఎందుకు? మేక నందిగామ పోద్ది. పాలు కావాలంటే నా చెల్లిని, పిల్లని నాతో పంపండి. మూడు నెలలన్నా నా దగ్గరుంచుకుని పంపిస్తా."

"ఓసి నీ తెలివి! మేకని చూపించి మనిషిని తోలుకుపోదామనా?"

ఈసారి నవ్వులు ఎక్కువసేపు వినిపించాయి. అయ్యగారి భార్య నవ్వు ఆపుకుని నా చెల్లివైపు చూసింది. "తల్లి ఎక్కడుండాలో తల్లే చెప్పాలి. చెప్పమ్మా, అక్కతో వెళ్తావా?"

చెల్లి బిడ్డను భుజాన వేసుకుని గోడ నీడలో నిలబడి ఉంది. నా దగ్గరికి వచ్చింది, నా చెయ్యి పట్టుకుని కాస్త పక్కకు తీసుకెళ్లింది. రాదని నాకు ఆ పట్టులోనే తెలిసిపోయింది.

"నేను రాలేనక్కా."

"ఆవిడంటే భయమా?"

"భయం కాదు. నువ్వు ఎదురుగా కూర్చుని చూస్తుంటే నాకు పాలు రావట్లా. పిల్ల నోరు పెట్టుద్ది, నేను నీ మొహం చూస్తా, నీకు లేనిది గుర్తొస్తది. పిల్ల ఏడుస్తది. నీకు చెప్తే ఏమైపోతావోనని గోడవైపు తిరిగేదాన్ని. అత్తయ్య పక్కనుంటే నాకేమీ గుర్తురాదక్కా. పిల్ల కడుపునిండా తాగుద్ది."

అది నన్ను తిట్టలేదు. చిన్నప్పుడు జ్వరంలో నీళ్లు అడిగినంత మెల్లగా చెప్పింది. నా ముఖంలో ఏముందో నాకు తెలియదు. దానికి తెలుసు, నేను పెంచిన పిల్ల కదా. ఆవిడ ముఖంలో ఏమీ లేదు గనక ఆవిడ దగ్గర పాలొస్తాయి. ఈ మాట విన్నాక ఆవిడ మీద అసూయ తగ్గాలి. ఇంకా పెరిగింది.

వెళ్లి తాడు అత్తగారి చేతిలో పెట్టాను. మేకపిల్లనైనా తీసుకెళ్దామని వంగి ఎత్తుకున్నాను. ఖాళీ చేతుల్తో బస్సెక్కాలంటే మనసు రాలేదు.

"పిల్లనీ వదిలెయ్ అమ్మాయ్. కనపడకపోతే మేక పాలివ్వదు" అంది ఆవిడ. వదిలేశాను.

ఆ రోజే నందిగామ బస్సెక్కాం. కిటికీ పక్కన కూర్చుని ప్రార్థన చేశాను. ప్రభువా, ఆ బిడ్డ కడుపు నిండనివ్వు. నేను చూడకపోయినా నిండనివ్వు. ఆవిడ ఒడికి ఆనుకునే నిండనివ్వు. మొదటి రెండూ తేలిగ్గానే వచ్చాయి. మూడోది సగంలో ఆగిపోయింది. ఆ తర్వాత కొన్ని నెలలు నేను జగ్గయ్యపేట వెళ్లలేదు. పిల్ల బొద్దుగా ఉందని, మేక బాగా ఇస్తోందని, ఆవిడే కోడలికి గ్లాసు పట్టి తాగిస్తోందని మరిది వచ్చి చెప్పేవాడు. సంతోషించాను. వినలేకపోయాను కూడా.

ఇది చదువుతున్న అక్కల్లారా, అన్నల్లారా, ఇచ్చిన చేతిని మూసుకోలేక, పూర్తిగా తెరవలేక ఉన్నవాళ్లు మీ ఇళ్లల్లోనూ ఉంటారు. ఇప్పుడు నాతోపాటు కాసేపు తల వంచండి. ఏ పసిబిడ్డ అయినా ఎవరి నీడలో తాగినా దాని కడుపు నిండాలని అడుగుదాం. ఆవిడ ఒడి అన్న దగ్గర నా గొంతు ఆగిపోతే, మీరు ఆపకండి. అక్కడినుంచి ఆమేన్ దాకా మీరే చెప్పండి.